భోజనం తర్వాత, అన్నీ ఒకేసారి

ఆఫీసులో అతన్ని అందరూ రేడియో అంటారు. ఆ పేరు పెట్టింది పక్క సీటు అమ్మాయి. "పొద్దున ఆన్ చేస్తే సాయంత్రం దాకా ఒకే శ్రుతిలో మోగుతాడు, మధ్యలో గరగర కూడా ఉండదు" అని ఆమె అన్న మాట గదంతా పాకింది. అతనేం నొచ్చుకోలేదు. యాభై దగ్గర పడుతున్న మనిషికి కొత్తగా ముద్దుపేరు పెట్టేవాళ్ళు దొరకడం కూడా భాగ్యమే అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక మాత్రం ఆ రేడియో కట్టేసినట్టే ఉండేది. తాళం తీయడం, లైటు వేయడం, పొద్దున వండినదాన్ని వేడి చేసుకోవడం, వీటిలో దేనికీ గొంతుతో పని లేదు. సెలవు రోజున సాయంత్రం కిందికి దిగి కొట్లో సబ్బు అడిగితే మొదటి మాట బొంగురుగా వచ్చేది. కొట్టతను "జలుబా?" అనేవాడు. "అవునండీ" అనేవాడు రేడియో. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పడం కంటే జలుబని ఒప్పుకోవడం తేలిక.

అతను పనిచేసే కంపెనీ మొక్కల సారంతో క్యాప్సూళ్ళు తయారుచేస్తుంది. టీ ఆకు, ద్రాక్ష గింజ, దానిమ్మ తొక్క. వాటిలోంచి పాలీఫినాల్స్ అనే పదార్థాలను పిండి, ఎండబెట్టి, పొడి చేసి గొట్టాల్లో నింపుతారు. డబ్బా మీద "మీ ప్రతి కణానికీ ఒక కాపలా" అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటుంది. కింద గోడౌను, పైన ల్యాబు, మధ్య అంతస్తులో ఫోన్ల గది. గోడౌనులో డ్రమ్ము మూత తీసినప్పుడల్లా సన్నటి గోధుమ రంగు పొడి మెట్ల మీదుగా పైకి లేచి వచ్చేది. సాయంత్రానికి గదిలో వాళ్ళందరి నాలుకలూ వగరెక్కి ఉండేవి.

అంతకుముందు అతను చాలా ఏళ్ళు ఒక మందుల షాపులో కౌంటరు వెనక నిలబడ్డాడు. చెల్లెలి పెళ్ళి చేశాడు. తర్వాత అమ్మ మంచం పట్టింది. సంబంధాలు వచ్చినప్పుడు "అమ్మ కొంచెం తేరుకోనీ" అనేవాడు. అమ్మ తేరుకోలేదు, సంబంధాలు రావడం మానేశాయి. అమ్మ పోయిన ఏడే షాపు కూడా మూతబడింది. వీధి చివర పెద్ద మందుల దుకాణం తెరిచారు, అక్కడ కుర్రవాళ్ళు కావాలన్నారు. అలా తిరిగి తిరిగి ఈ ఫోన్ల గదిలో తేలాడు. ఇంటర్వ్యూ చేసినావిడ ఏ ప్రశ్నా అడగలేదు. "ఏదీ, పేరు చెప్పండి" అని, అతను చెప్పగానే "రేపట్నుంచి రండి" అంది. గొంతు అలాంటిది.

పని పెద్ద కష్టం కాదు. ఫోన్ వస్తుంది, ఎదురుగా తెర మీద జవాబు కనిపిస్తుంది, చదవాలి. ఎప్పుడు వేసుకోవాలి అంటే భోజనం తర్వాత. షుగరు ఉంది పర్వాలేదా అంటే మీ డాక్టరును సంప్రదించండి. ఏ ఫోను ఎవరి సీటుకి పోవాలో మిషను నిర్ణయిస్తుంది. చేసినవాళ్ళ నంబరు బదులు తెర మీద చుక్కలే కనిపిస్తాయి, పేరూ ఆర్డరూ మాత్రం తెలుస్తాయి. ఈ సీట్లలోంచి మనంతట మనం ఎవరికీ ఫోన్ చేయడానికి లేదు.

ఆవిడ ఫోన్ అలా చుక్కల్లోంచే వచ్చింది.

"నాయనా, ఈ గొట్టం బిళ్ళ తిండికి ముందా, తిన్నాకా?"

"భోజనం తర్వాతండీ." అక్కడితో తెర మీది జవాబు అయిపోయింది. ఆ గొంతులో వణుకు విని అతను ఆగలేకపోయాడు. "మీరు వేసుకునే మాత్రలు ఇంకేమైనా ఉంటే వాటితో కలిపి అన్నీ ఒకేసారి వేసేసుకోండి అమ్మగారూ. మర్చిపోకుండా ఉంటారు."

అది తెర మీది మాట కాదు, ఇంట్లో అలవాటు. అమ్మ బతికున్నన్నాళ్ళూ అన్ని మాత్రలూ ఒక చిన్న గిన్నెలో వేసి, భోజనం కాగానే వేడి టీ గ్లాసుతో పాటు చేతికిచ్చేవాడు. మంచినీళ్ళతో అమ్మకు మాత్ర దిగేది కాదు.

"అమ్మగారూ ఏంటి, పిన్నీ అను. మా అక్క కొడుకు గొంతు అచ్చం నీలాగే ఉంటుంది" అంది ఆవిడ. "ఇంతకీ నువ్వు తిన్నావా?"

ఆ ప్రశ్న అడిగి ఎన్నాళ్ళయిందో ఎవరైనా. "తిన్నాను పిన్నీ" అన్నాడు. తినలేదు.

తర్వాత ఆవిడ తరచూ చేసేది. మిషను వేరే సీటుకి పంపిస్తే గొంతు వినగానే పెట్టేసి మళ్ళీ చేసేది. అతను దొరికేదాకా అంతే.

"మీ చుట్టం మళ్ళీ నా చెవిలోనే ఫోన్ పెట్టేసింది" అనేది పక్క సీటు అమ్మాయి. "నేనేం పాపం చేశానో అడగండి రేడియోగారూ. నా గొంతు అంత బాగోదా?"

"బాగుంటుందమ్మా. కొంచెం గబగబా అంటావు."

"గబగబా అనకపోతే సాయంత్రం మావాణ్ణి స్కూలు నుంచి ఎవరు తెస్తారు?"

పిన్ని ఒక మేడలో మూడో అంతస్తులో ఉంటుందట. లిఫ్టు లేదు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మెట్లు దిగి చాలా కాలమైంది. సరుకులు తాడు కట్టిన బుట్టలో పైకి లాక్కుంటుంది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఆ అక్క కొడుకు ఎక్కడో ఓడల మీద తిరుగుతుంటాడు. ఇదంతా ఒకే రోజు చెప్పలేదు. ప్రతి ఫోనులోనూ మొదట క్యాప్సూలు గురించి ఒక సందేహం, దాని వెనక కాస్త ఇల్లు, కాస్త ఒళ్ళు.

"కణం కణం అని రాశారు డబ్బా మీద. కణమంటే ఏంటి నాయనా?"

"ఒంట్లో చిన్న చిన్న గదుల్లాంటివి పిన్నీ. కంటికి కనపడవు."

"కనపడే గదులు తుడిచే దిక్కే లేదు నాకు. కనపడనివి ఎవరు తుడుస్తారు?"

"దానికే ఈ క్యాప్సూలు. లోపల తుప్పు పట్టకుండా కాపాడుతుందట."

"మోకాళ్ళకి పట్టాక పంపించావు. ముందే పంపించాల్సింది."

అతనికి నవ్వొచ్చేది. ఆ నవ్వు కాల్ రికార్డులో ఉండకూడదు కాబట్టి మైకు మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఆవిడ ఫోన్ వచ్చిన రోజు ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఆ మాటలు మళ్ళీ మళ్ళీ నెమరేసుకునేవాడు. రాని రోజు సీట్లోంచి లేవడానికి తటపటాయించి, చెవి దగ్గరి తీగను చుట్టలు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టేవాడు.

ఆవిడకి మోకాలి ఆపరేషన్ చేస్తామన్నారు. అది అయితే మెట్లు దిగొచ్చు. "కింద బల్ల మీద కూర్చుని వచ్చేపోయే జనాన్ని చూస్తాను. చెప్పుల వంక చూస్తాను. పైనుంచి అందరి నడినెత్తులే కనిపిస్తాయి నాకు" అంది. కానీ ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, పెరిగితేగానీ కత్తి పట్టనన్నాడు డాక్టరు. రక్తం పట్టడానికి మాత్రలు రాశాడు. ఆవిడ మింగుతోంది. పరీక్షకి మనిషి ఇంటికొచ్చి రక్తం తీసుకువెళ్తాడు, లెక్క పెరగలేదంటాడు, ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఒక రోజు ఆవిడ గొంతు ఎప్పటిలా లేదు.

"మళ్ళీ వాయిదా నాయనా. ఇంకా పెరగలేదట. పైగా మందు సరిగ్గా వేసుకోవట్లేదని కోప్పడ్డాడు. ఒట్టు, ఒక్క పూట తప్పలేదు. నువ్వు చెప్పావుగా, అలాగే. భోజనం కాగానే రక్తం బిళ్ళ, బీపీ బిళ్ళ, నీ గొట్టం బిళ్ళ, అన్నీ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో."

"సరిగ్గానే వేసుకుంటున్నారు పిన్నీ. డాక్టర్లంతే" అన్నాడు అతను. ఫోన్ పెట్టాక మాత్రం మనసులో ఏదో చిన్న ముల్లు కదిలింది. వేళ తప్పకుండా మింగే మనిషికి మందు ఎందుకు పట్టదు?

మధ్యాహ్నం క్యాంటీన్లో ల్యాబు అమ్మాయి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఎప్పుడూ గోడ వైపు తిరిగి, ఫోన్లో పాపాయి వీడియోలు చూసుకుంటూ తింటుంది. పాపాయిని క్రెష్‌లో వదిలి వస్తుంది. ఎవరైనా ఎదురుగా కూర్చుంటే ఉలిక్కిపడి ముందు ఫోన్ వంకే చూస్తుంది, క్రెష్ నుంచి ఏదైనా కబురేమో అన్నట్టు.

"అమ్మా, ఒక సందేహం. మన క్యాప్సూలు రక్తం బిళ్ళతో కలిపి వేసుకుంటే ఏమైనా అవుతుందా?"

"ఐరన్ బిళ్ళతోనా? కలిపి ఎవరు వేసుకోమన్నారు?"

"ఎవరో" అన్నాడు అతను.

ఆమె చెంచా పక్కన పెట్టింది. "మన క్యాప్సూల్లో ఏముందనుకున్నారు? టీ డికాషన్ని కప్పులకి కప్పులు మరిగించి, నీళ్ళు తీసేసి గొట్టంలో కుక్కినట్టు. ఈ పాలీఫినాల్స్‌కి ఇనుము కనబడితే చాలు, పట్టేసుకుంటాయి. పట్టుకుంటే వదలవు. అలా చిక్కుకున్న ఇనుముని పేగు పీల్చుకోలేదు. ఎలా వెళ్ళిందో అలాగే బయటికొచ్చేస్తుంది."

"అంటే బిళ్ళ వేసుకున్నా..."

"చాలా మటుకు దండగ. ఒకటి పొద్దునా ఇంకొకటి సాయంత్రమూ అయితే ఫర్వాలేదు. రక్తం బాగా తక్కువున్నవాళ్ళకి అసలు మనది వద్దనే నా ఉద్దేశం. మనది మానేస్తే కొంపలేం మునగవు. ల్యాబులో గాజు గొట్టంలో బాగానే పనిచేస్తాయివి. మనిషి లోపల ఎంత చేస్తాయో అంత గట్టిగా ఎవరూ చెప్పలేరు."

"మరి తెర మీద ఎక్కడా లేదే?"

"రాసి పంపాను. జవాబు పొడుగైపోతోందని తీసేశారు."

"ఐరన్ బిళ్ళ మామూలు టీతో వేసుకున్నా అంతేనా?"

"అదీ అంతే. ఎందుకు, మీరు వేసుకుంటున్నారా?"

"లేదమ్మా. మా ఇంట్లో ఒకరు వేసుకునేవారు."

"దానివల్లే రక్తం పెరగలేదని చెప్పలేం లెండి. సవాలక్ష కారణాలుంటాయి. సాయం మాత్రం చేయదు." ఆమె ఫోన్ మళ్ళీ తిప్పుకుంది. తెర మీద పాపాయి చెంచాతో బల్లను కొడుతోంది.

అతను తినకుండానే టిఫిను డబ్బా మూత పెట్టేశాడు. అమ్మ కళ్ళ కింది రెప్ప లాగి చూసి డాక్టరు ప్రతిసారీ "తెల్లగా ఉంది" అనడం, తను ఇంటికొచ్చి మరింత శ్రద్ధగా గిన్నె నింపి, టీ మరింత చిక్కగా పెట్టడం కళ్ళ ముందు తిరిగాయి. అమ్మ విషయం ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. పిన్ని విషయం అలా కాదు. ఆవిడ ఈ పూట కూడా భోజనం కాగానే అరచేతిలో పోసుకుంటుంది.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి ఒక్క ఫోన్ చేసుకోనివ్వమని అడిగాడు. "ఏదైనా కంప్లైంటు పెట్టిందా ఆవిడ?" అన్నాడు సూపర్‌వైజరు. లేదన్నాడు. "పెట్టనప్పుడు మనం ఎందుకు కెలకడం రేడియోగారూ? ఫోన్ వచ్చినప్పుడు చెప్పండి, మన తెర మీద ఉన్నదే."

ఎదురుచూడటం తప్ప దారి లేదు. ఆవిడ ఎప్పుడు చేస్తుందా అని ఇన్నాళ్ళూ చూసిన చూపు వేరు, ఇప్పటి చూపు వేరు. ఫోన్ మోగిన ప్రతిసారీ ముందు తెర మీద పేరు చూసేవాడు. అవతల ఎవరో మగగొంతు డబ్బా మూత రావట్లేదని అడిగితే తెర చదివేవాడు. "ఏమైంది మీకు, స్టేషను సరిగ్గా తగలట్లేదు?" అంది పక్క సీటు అమ్మాయి. ఈ అమ్మాయికైనా చెప్పి ఉంచుదామనుకున్నాడు, పిన్ని ఫోన్ నీకొస్తే నాకివ్వమని. చెప్పేలోగానే ఆమె "ఇదిగో, మీ చుట్టం. పెట్టేసింది" అంది. వెంటనే అతని ముందు తెర మీద చుక్కలు వెలిగాయి.

"ఏం నాయనా, తిన్నావా?"

"పిన్నీ, నేను చెప్పేది కాస్త వినండి. రక్తం బిళ్ళా, మా క్యాప్సూలూ కలిపి వేసుకోకూడదు. మాది దాన్ని ఒంటికి పట్టనివ్వదు. అందుకే మీకు రక్తం పెరగట్లేదేమో."

అవతల కిటికీలో పావురాలు కూస్తున్నట్టున్నాయి.

"నువ్వేగా కలిపి వేసుకోమన్నావు."

"అవును పిన్నీ. నేను చెప్పిందే తప్పు. తెలీక చెప్పాను."

"సరేలే, నువ్వు మాత్రం కావాలని చెప్తావా. ఇప్పుడేం చేయమంటావు?"

"రక్తం బిళ్ళ పొద్దున్నే..."

"పొద్దున నాకేదీ ఇమడదు. రోజుకి ఒక్కపూటే తిండి సయిస్తుంది. ఖాళీ కడుపున ఆ బిళ్ళ పడితే లోపల భగభగ మండిపోతుంది." ఆవిడ గొంతు ఉన్నట్టుండి హుషారైంది. "పోనీ ఒక పని చేస్తా. దాన్నే మానేస్తా. అది వేసుకుంటే కడుపులో తిప్పుతుంది కూడా. నీది హాయిగా ఉంది, నీది ఉంచుకుంటా."

తన మాటలు రికార్డవుతున్నాయని అతనికి తెలుసు. ఆ ఒక్క క్షణంలో అతని మనసు ఎన్ని దారులు వెతికిందో. రోజు మార్చి రోజు వేసుకోమంటే? కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టమంటే? ప్రతి దారి చివరా అతనికి ఆవిడ ఫోన్ వస్తూనే ఉంది. ప్రతి దారి చివరా ఆవిడ రక్తం పెరగక మూడో అంతస్తులోనే ఉంది.

"వద్దు పిన్నీ. డాక్టరు ఇచ్చిందే వేసుకోండి. మాది మానేయండి."

"నీ కంపెనీ సరుకు నువ్వే మానేయమంటున్నావు. ఉంచుతారా నిన్ను?"

"ఉంచుతారు లెండి. డబ్బా మిగిలి ఉంటే పారేయండి. మళ్ళీ ఆర్డరు ఇవ్వకండి. మా వాళ్ళెవరు అడిగినా ఇవ్వకండి."

"మరి ఇది మానేస్తే నీకు ఫోన్ చేసి ఏమడగను?"

ఊరికే చేయండి అనొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది. ఊరికే చేస్తే ఊరుకోదు ఆవిడ. నీ పని చెడకూడదంటూ ప్రతిసారీ ఒక డబ్బా పంపమంటుంది, పంపిస్తే మింగుతుంది, వచ్చిన వస్తువు పారేసే మనిషి కాదు. పోయిన నెల అలాగే చేసింది.

"ఆపరేషన్ అయ్యాక మెట్లు దిగుతారుగా పిన్నీ. వీధిలో బోలెడంత మంది ఉంటారు మాట్లాడటానికి."

ఆవిడ సన్నగా నవ్వింది. "వాళ్ళ గొంతు మా వాడిలా ఉంటుందా ఏం?" అంది. తర్వాత, "సరే నాయనా. నువ్వు చెప్పావు కాబట్టి" అని ఫోన్ పెట్టేసింది.

సూపర్‌వైజరు ఆ కాల్ విన్నాడు. అద్దాల గదిలోకి పిలిచాడు గానీ పెద్దగా అరవలేదు. "మానిపించడం ఇంత బాగా వచ్చినవాడికి, రప్పించడం కూడా వస్తుంది" అని అతన్ని మూల సీటుకి మార్చాడు. ఆ సీటంటే గదిలో అందరికీ భయం. అక్కడ ఫోన్లు రావు. క్యాప్సూళ్ళు వాడటం మానేసినవాళ్ళకి మనమే చేసి, ఎందుకు మానేశారో కనుక్కుని, మళ్ళీ మొదలుపెట్టించాలి. తిట్లు తినే సీటు. పక్కన ఎవరూ ఉండరు. గోడ, చెత్తబుట్ట, పాత ఫ్యాను.

"స్టేషను మార్చేశారా" అంది పక్క సీటు అమ్మాయి, అతని సంచి అందిస్తూ. "మీ చుట్టం ఫోన్ చేస్తే ఏం చెప్పను?"

"చేయదు లేమ్మా."

చేయలేదు. వారాలు గడిచాయి. అతను సాయంత్రం వెళ్ళేముందు ఆ అమ్మాయి వంక చూసేవాడు, ఆమె తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్ళకి ఆమె కూడా ఊపడం మర్చిపోయింది. పిన్ని రక్తం పెరిగిందో లేదో, కత్తి పట్టడానికి డాక్టరు ఒప్పుకున్నాడో లేదో తెలుసుకునే మార్గం లేదు. ఫోన్ రావట్లేదంటే మాట వింటోందని అర్థం. ఆ ఒక్కటే కబురు. ఇంట్లో లైటు వేసి, వేడి చేసుకున్నది తింటూ అదే తలుచుకునేవాడు. వింటోంది, అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవిడ పేరే తెర మీదికొచ్చింది. మానేసినవాళ్ళ వరసలో ఒకావిడ పేరు అయిపోగానే తర్వాతి పేరు. నంబరు బదులు చుక్కలు, వాటి కింద ఆకుపచ్చ బొత్తాం. అది నొక్కితే మిషను తనే నంబరు కలుపుతుంది, మూడో అంతస్తులో ఫోన్ మోగుతుంది.

అతను చెవి తీగ సరిచేసుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గొంతు సవరించుకుని, మైకు మీద వేలితో తట్టి చూసుకున్నాడు. ఒక్క మాట అడిగి పెట్టేయొచ్చు, ఆపరేషన్ అయిందా పిన్నీ అని. ఈ సీటు కాల్స్ సూపర్‌వైజరు వింటూనే ఉంటాడు, తెర మీది మొదటి వాక్యం చదివి తీరాలి. "మీరు మా క్యాప్సూలు ఎందుకు మానేశారో తెలుసుకోవచ్చా" అని తన గొంతుతో అడగగానే ఆవిడేం చేస్తుందో అతనికి బాగా తెలుసు. మా వాడి ఉద్యోగానికేదో ముప్పొచ్చింది అనుకుంటుంది. రెండు డబ్బాలు పంపమంటుంది. వద్దన్నా వినదు.

బొత్తాం పక్కన కారణాలు రాసే చోటు ఉంది. "ఎత్తలేదు" అని నొక్కితే పేరు వరస చివరికి పోయి కొన్ని వారాల్లో మళ్ళీ తిరిగొస్తుంది. అప్పుడు మళ్ళీ చూడొచ్చు. మళ్ళీ ఎత్తలేదనొచ్చు. అలా ఎంతకాలమైనా, కనీసం పేరయినా. అతని వేలు దాని మీదే ఆగింది. కానీ తను సెలవు పెట్టిన రోజు ఆ పేరు ఇంకెవరి ముందుకో వెళ్తుంది. వాళ్ళు ఆకుపచ్చది నొక్కుతారు. వాళ్ళకి ఇది పని. ఇక్కడి నుంచి చేశామనగానే ఆవిడ పెట్టేయదు, ఈసారి అతని గురించి అడుగుతుంది, అతని కోసమని డబ్బా పంపమంటుంది.

అన్నిటికంటే కింద ఉన్నది, "ఇక ఎప్పుడూ ఫోన్ చేయవద్దు."

అది నొక్కితే మిషను ఒకసారి ఖాయం చేసుకోమని అడిగింది. తిరిగి మార్చడానికి వీలుండదని చెప్పింది. అతను తెర మీద ఆవిడ పేరును పెదవులతో చదువుకున్నాడు. ఇన్నాళ్ళూ పిన్నీ అనడమే గానీ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. తర్వాత అవును అని నొక్కాడు.

పేరు పోయింది. దాని చోట ఇంకొకరి పేరు వచ్చింది, కింద ఆకుపచ్చ బొత్తాంతో. ఫ్యాను గాలికి గోడ మీది కాగితం టపటపలాడుతోంది. అతను ఆ బొత్తాం నొక్కాడు. అవతల ఎవరో చిరాగ్గా "ఎవరూ?" అన్నారు.

"నమస్కారమండీ" అన్నాడు రేడియో. "మీరు ఐరన్ బిళ్ళలేమైనా వాడుతున్నారా?"